ఎక్స్‌రే నీడలలో అవయవముల పనితనము

ఎక్స్‌రే గదిలోనికి పోయి వచ్చిన ప్రతివానికి ఒక మాట జ్ఞాపకముండును. "గాలి బాగా పీల్చండి, బిగబట్టండి, కదలకండి" అని టెక్నీషియను చెప్పును. క్షణకాలము గడచిన తరువాత "ఇక వదలండి" అనును. ఆ క్షణములో పడిన నీడయే మన చేతికి వచ్చు చిత్రము. ఎముక విరిగినదా, ఊపిరితిత్తిలో మచ్చ ఉన్నదా, బిడ్డ మ్రింగిన నాణెము ఎచ్చట చిక్కుకొన్నది అను ప్రశ్నలకు ఆ నీడ చక్కగా జవాబు చెప్పును.

కాని వైద్యునకు వేరొక విధమైన ప్రశ్నలు కూడ ఉండును. మూత్రపిండము ఉండవలసిన చోటనే ఉన్నది, ఆకారమును బాగుగనే ఉన్నది. అది పని చేయుచున్నదా? గుండె ఇంత పరిమాణములో ఉన్నది. కొట్టుకొనిన ప్రతిసారియు ఎంత నెత్తురును బయటికి పంపుచున్నది? మెదడులో ఈ భాగమునకు నెత్తురు అందుచున్నదా, అందినచో సకాలములో అందుచున్నదా? ఈ ప్రశ్నలకు ఒక్క నీడ జవాబు చెప్పజాలదు. గ్రామపటములో కాలువ గీతను చూచి అందులో నీరు పారుచున్నదో లేదో ఎవరైన చెప్పగలరా? నిండుగ పారు కాలువకును, ఎండిపోయిన కాలువకును పటములో గీత ఒక్కటే. నీరు పారుట తెలియవలెనన్న, గట్టున నిలిచి కొంతసేపు చూడవలెను. ఎక్స్‌రే చిత్రములను అట్లు కొంతసేపు చూచి, చూచినదానిని లెక్కకట్టి, అవయవము చేయుచున్న పనిని బయటపెట్టు విద్య గత శతాబ్దపు చివరి భాగములో పెరిగినది. మన జిల్లాలలో పక్షవాతము వచ్చిన రోగికి పెద్ద ఆసుపత్రిలో జరుగు చికిత్స నేడు కొంతవరకు దీనిపై ఆధారపడియున్నది గనుక, దాని మర్మము గ్రామస్థులును తెలిసికొనుట మంచిది.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్ట్స్‌బర్గు నగరమున విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఈ కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరులోనే తన భార్య చేతి ఎముకలను ఆయన చిత్రము తీసెను. ఎముకలో సున్నపు పదార్థము అధికము గనుక కిరణములను ఎక్కువగా ఆపును. ఊపిరితిత్తులలో గాలి ఉండుటచే అవి సులభముగా దాటిపోవును. చిక్కంతయు మిగిలిన మెత్తని అవయవములతోనే. నెత్తురు, కండ, మూత్రపిండము, మెదడు, ఇవన్నియు కిరణములను ఇంచుమించు ఒకే విధముగా ఆపును. నీడలో ఒకదానిని మరియొకదానినుండి వేరుచేయుట కష్టము.

దీనికి ఉపాయము, కిరణములను గట్టిగా ఆపునట్టి పదార్థమును నెత్తురులో కలుపుట. అయొడిన్ అట్టిది. మన ఆసుపత్రులలో 'డై' అని పిలుచు సూదిమందు అయొడిన్ గల మందే. పేరు రంగుమందే గాని, దేహములో అది ఏ రంగును పూయదు; కిరణములకు మాత్రమే కనబడును. 1927లో పోర్చుగల్ దేశపు వైద్యుడు ఎగాస్ మోనిజ్ ఇట్టి మందును ఎక్కించి, జీవించియున్న మనుష్యుని మెదడు రక్తనాళములను ఎక్స్‌రేలో చూపెను. 1929లో బెర్లిన్‌లో మోజెస్ స్విక్ అను యువవైద్యుడు మూత్రపిండములకు తగిన అయొడిన్ మందును ప్రయోగించెను. దానిని చేతి నరములోనికి ఎక్కించినచో, మూత్రపిండములు దానిని నెత్తురునుండి వడగట్టి మూత్రములోనికి పంపును. కొన్ని నిమిషములకొక చిత్రము చొప్పున తీసినచో, పని చేయు మూత్రపిండము తెల్లగా వెలుగును; చేయనిది చీకటిలోనే ఉండిపోవును. పనిని చూపు చిత్రమునకు ఇది తొలిమెట్టు. అప్పటికి కంప్యూటరు లేదు. చిత్రములను వరుసగా వ్రేలాడదీసి వైద్యుడు కంటితో పోల్చి చూచెడివాడు.

కంటికి ఒక లోపము కలదు. పెద్ద నీడల నడుమ చిన్న మార్పును అది పట్టలేదు. తలలోని రక్తనాళములను చిత్రము తీసినపుడు పుఱ్ఱె ఎముక నీడ వానిని కప్పివేయును. 1930 దశకములో డచ్చి వైద్యుడు జీడ్సెస్ దె ప్లాంటెస్ దీనికొక యుక్తి పన్నెను. మందు ఎక్కింపక ముందు ఒక చిత్రము, ఎక్కించిన తరువాత మరియొకటి తీసి, మొదటిదానిని నలుపుతెలుపులు తారుమారుచేసి రెండవదానిపై పరచెను. రెండింటిలోను ఒకే విధముగా ఉన్న ఎముక నీడలు ఒకదానినొకటి రద్దు చేసికొనెను. రెండవదానిలో మాత్రమే ఉన్న మందు నీడ మిగిలెను. చీకటి గదిలో ఫిలిములను కడిగి, ఆరబెట్టి, సరిగా అమర్చుటకు ఎంతయో కాలము పట్టెడిది. రోగి బల్లపైననే పడియుండవలసి వచ్చెడిది.

చిత్రము సంఖ్యలుగా మారిన తరువాత ఈ పని క్షణములో తేలిపోయినది. సంఖ్యలుగా మారుట యనగా నేమి? మన ఆడపడుచులు ముంగిట చుక్కలముగ్గు పెట్టునపుడు వరుసలుగా చుక్కలు పెట్టుదురు గదా! చిత్రమును కూడ అట్లే వరుసల చుక్కలుగా విభజింతురు. తొలినాటి యంత్రములలో వరుసకు 512 చుక్కల చొప్పున 512 వరుసలు, అనగా మొత్తము 2,62,144 చుక్కలు ఉండెడివి. ప్రతి చుక్కయొద్దకు ఎన్ని కిరణములు చేరినవో కొలిచి, ఆ కొలతను ఒక సంఖ్యగా వ్రాసిపెట్టుదురు. ఇక చిత్రమనునది లేదు, సంఖ్యల పట్టిక మాత్రమే ఉన్నది. రెండు పట్టికలను చుక్కకు చుక్క తీసివేయుట కంప్యూటరునకు రెప్పపాటు పని.

అయితే ఇక్కడ ఒక మెలిక కలదు, శ్రద్ధగా చూడదగినది. ఎముక లేనిచోట 1000 పాళ్ల కిరణములు యంత్రమును చేరుచున్నవనుకొందము. ఆ త్రోవలో మందు అడ్డుపడి నాలుగవ వంతును పీల్చుకొన్నచో 750 చేరును. తేడా 250. ప్రక్కనే ఎముక ఉన్నచోట, ఎముకయే సగము పీల్చుకొనుటచే 500 మాత్రమే చేరుచున్నవి. అంతే మందు అక్కడను అడ్డుపడినచో 375 చేరును. తేడా 125. మందు రెండుచోట్లను సమానమే. తీసివేతలో మాత్రము రెండవచోట సగమే ఉన్నట్లు కనబడుచున్నది! ఎముక నీడ పోయినట్లే పోయి, దొంగదారిన తిరిగి వచ్చినది. కారణమేమన, కిరణముల దారిలోని ప్రతి పొరయు ఇన్ని కిరణములని లెక్కగా గాక, వచ్చినవానిలో ఇంత వంతని హరించును. 750ని 1000తో భాగించినను, 375ను 500తో భాగించినను వచ్చునది ఒక్కటే, ముప్పాతిక. కావున కావలసినది తీసివేత కాదు, భాగహారము. సంఖ్యలను ముందుగా సంవర్గమానములుగా, అనగా లాగరిథములుగా మార్చినచో భాగహారమే తీసివేతగా మారునని ఉన్నత పాఠశాలలో చదివినవారెరుగుదురు. పరీక్షతో మరచిపోయిన ఆ లాగరిథములు లేనిదే ఈ చిత్రములు లేవు.

అమెరికాలోని విస్కాన్‌సిన్ విశ్వవిద్యాలయమున చార్లెస్ మిస్ట్రెట్టా, ఆయన సహచరులు 1970 దశకములో టెలివిజను కెమెరాతో పట్టిన ఎక్స్‌రే దృశ్యములను ఈ విధముగా అప్పటికప్పుడు తీసివేసి చూపు యంత్రమును నిర్మించిరి. 1980 ప్రాంతమున అది ఆసుపత్రులకు వచ్చెను. ధమనిలోనికి గొట్టము దూర్చు శ్రమ లేకుండ, చేతి సిరలో మందెక్కించినంతనే దేహమంతటి ధమనులను చూడవచ్చునని తొలుత గొప్ప ఆశ ఉండెడిది. ఆ ఆశ అంతగా ఫలింపలేదు. సిరలో ఎక్కించిన మందు గుండెకు పోయి, ఊపిరితిత్తులను చుట్టి వచ్చుసరికి పలుచబడిపోవుచుండెను. వైద్యులు మరల ధమని దారినే పట్టిరి. కాని తీసివేత మహిమచే మునుపటికంటె తక్కువ మందుతో పని జరుగజొచ్చినది. నేడు గుండె, మెదడు, కాళ్ల నాళములకు చికిత్స చేయు గదులలో ఈ యంత్రము సర్వసామాన్యము.

ఇంతవరకును మనము ఆకారమునే చూచితిమి. పనితనము ఎట్లు కనబడును? అందుకు కాలమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. కాలువ తలతూమువద్ద ఒక కుండెడు రంగునీరు పోసి, పొలములలో అక్కడక్కడ మనుష్యులను నిలబెట్టినామనుకొనుడు. ప్రతివాడును తన యెదుట రంగు ఎప్పుడు కనబడినది, ఎప్పుడు చిక్కబడినది, ఎప్పుడు వెలిసిపోయినది వ్రాసికొనును. వారి కాగితములన్నియు కలిపి చూచినచో, ఏ పొలమునకు నీరు వేగముగా పోవుచున్నది, ఏ పొలమునకు ఆలస్యముగా పోవుచున్నది, ఎక్కడ పూడికపడినది ఇంటిలో కూర్చుండియే చెప్పవచ్చును. ఎక్స్‌రే పట్టికలోని ప్రతి చుక్కయు గట్టున నిలిచిన అట్టి మనిషియే. క్షణమునకు ఒకటియో, అంతకంటె ఎక్కువయో చిత్రములు వరుసగా తీసినచో, ప్రతి చుక్కయొద్ద మందు పెరిగి తగ్గిన తీరు ఒక వంకరగీతగా తేలును. ఆ గీతనుండి మందు చేరిన సమయము, అత్యధికముగా ఉన్న సమయము, దాటిపోవుటకు పట్టిన సమయము అను కొలతలు తీసి, వానికి రంగులు నిర్ణయించి, మరల చిత్రముగా పేర్చుదురు. త్వరగా నెత్తురు అందినచోట ఒక రంగు, ఆలస్యముగా అందినచోట మరియొక రంగు. ఇది అవయవపు ఆకారచిత్రము కాదు, అది చేయు పని యొక్క పటము.

జర్మనీలో కీల్ నగరమున పాల్ హైంట్‌జెన్ పసిపిల్లల గుండె చిత్రములపైనను, హాంబర్గులో కార్ల్ హైంట్స్ హెహ్నె తన సహచరులతో గూడి ఎక్స్‌రే చిత్రముల వరుసలపైనను 1970 దశకమునందు ఈ పనిని సాగించిరి. గుండె విషయములో లెక్క సులభముగా తెలియును. గుండె ఎడమగది నిండినపుడు 120 మిల్లీలీటర్ల నెత్తురు ఉండి, ముడుచుకొన్న తరువాత 50 మిగిలినచో, బయటికి పోయినది 70, అనగా నూటికి 58 వంతులు. ఈ సంఖ్య బాగుగా పడిపోయినచో గుండె బలహీనపడినదని అర్థము. నేడు దీనిని చాలవరకు కిరణములతో పనిలేకుండ, 'ఎకో' అను శబ్దతరంగముల పరీక్షతోనే కొలుచుచున్నారు. మంచిదే.

ఈ విద్య యొక్క అసలు ప్రయోజనము మెదడు విషయములో కానవచ్చును. 1971లో ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. స్కాను యంత్రముతో మొదటి రోగిని పరీక్షించిరి. అది దేహమును చుట్టివచ్చి, లోపలి పొరను కోసి చూపినట్లు చూపును. ఒకే పొరను వెంటవెంటనే అనేక పర్యాయములు తీసి, పైన చెప్పిన కాలువ లెక్క వేసినచో మెదడులో నెత్తురు పారుదలను కొలువవచ్చునని అమెరికాలో లియాన్ ఆక్సెల్ 1980లో ప్రతిపాదించెను. లెక్క యొక్క మూలసూత్రము అంతకు పూర్వమే, 1954లో, పాల్ మైయర్, కెన్నెత్ జీర్లర్ స్థిరపరచియుండిరి. ఒకచోట ఉన్న నెత్తురు పరిమాణమును, అది దాటిపోవుటకు పట్టు సగటు కాలముతో భాగించినచో ప్రవాహము తేలును. ఆరోగ్యముగల మెదడులో నూరు గ్రాములకు సుమారు 4 మిల్లీలీటర్ల నెత్తురుండి, దాటుటకు 5 సెకండ్లకు కొంచెము తక్కువ పట్టినచో, నిమిషమునకు 50 మిల్లీలీటర్లు పారుచున్నవని అర్థము. అది సుమారు 20కి దిగువకు పడినచో అక్కడి కణములు పని మానివేయును. కాని వెంటనే చావవు. 10కి దిగినచో త్వరలోనే చచ్చును.

పక్షవాతము వచ్చిన మనుష్యుని చేయి పడిపోవుటకు కారణము ఈ రెండు భాగములును. గడ్డకట్టిన నెత్తురు నాళమునకు అడ్డుపడగా, నడుమ కొంత భాగము చచ్చిపోవును. చుట్టును ఎండిపోవుచు, ఇంకను ప్రాణముతో ఉన్న భాగముండును. చివరి తడికై నోరు తెరచుకొన్న నారుమడివంటిది అది. నీరు వచ్చెనా, బ్రతుకును. సాధారణ స్కానులో ఆ రెంటికిని తేడా తెలియుట కష్టము. పారుదల పటములో ప్రవాహము పూర్తిగా తగ్గినచోట చచ్చిన భాగమును, మందు ఆలస్యముగా చేరినచోట దక్కించుకొనదగిన భాగమును ఉజ్జాయింపుగా గుర్తింపవచ్చును.

దీని ఫలితమేమో 2018లో ప్రకటితమైన రెండు పరిశోధనలు తెలిపినవి. గడ్డను కరిగించు సూదిమందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యవలెను. తొడ మొదటనుండి సన్నని గొట్టము పంపి గడ్డను లాగివేయు చికిత్స ఆరు గంటలు దాటినచో వ్యర్థమని అంతవరకు ఎక్కువమంది తలంచుచుండిరి. డాన్ అను పేరుగల పరిశోధనలో, ఆరునుండి ఇరువదినాలుగు గంటలు గడచిన 206 మంది రోగులను, చచ్చిన భాగము చిన్నదై దక్కదగిన భాగము పెద్దదిగా ఉన్నవారిని ఎన్నుకొని చూచిరి. గడ్డ తీసినవారిలో నూటికి 49 మంది మూడు నెలల తరువాత తమ పనులు తాము చేసికొనగలిగిరి. తీయనివారిలో 13 మందియే. డిఫ్యూజ్ 3 అను రెండవ పరిశోధనలో ఆరునుండి పదునారు గంటల నడుమ 182 మంది. అందు ఈ లెక్క 45, 17. గడియారముతోబాటు రోగి మెదడును కూడ చూచి నిర్ణయింపవచ్చునని తేలినది. ఆ గడ్డను లాగునపుడు వైద్యుని కన్నుల యెదుట ఉండునది మిస్ట్రెట్టా నాటి తీసివేత చిత్రమే.

అయితే ఇరువదినాలుగు గంటలు గడువున్నదని ఎవరును పొరబడరాదు. ఆ పరిశోధనలకు ఎన్నుకొనబడినవారు పెద్ద నాళము మూసికొనిపోయినను, ప్రక్క నాళములు కొంత ఆదుకొన్న అదృష్టవంతులు. పెద్ద నాళము మూసికొనిన మెదడులో నిమిషమునకు సుమారు 19 లక్షల నరకణములు నశించుచున్నవని 2006లో లెక్కకట్టిరి. మూతి వంకరపోయి, చేయి జారిపోయి, మాట తడబడినపుడు తెల్లవారనిమ్మని కూర్చుండుట, పసరుమందునకై పొరుగూరికి పోవుట ఇంకను మన పల్లెలలో కలదు. 108కి ఫోను చేసి, స్కాను యంత్రము గల ఆసుపత్రికే నేరుగా పోవుట మేలు. రోగిని చివరిసారి బాగుగా చూచిన గంట ఎంతయో ఇంటివారు జ్ఞాపకముంచుకొని చెప్పవలెను. వైద్యుడు మొదట అడుగు ప్రశ్న అదియే.

ఈ పటములందలి రంగులు చూచి బెదరుటయు, పొంగుటయు తగదు. మెదడులో ఎరుపు, నీలములు లేవు. అవి లెక్కలోని అంకెలకు మనుష్యులు పెట్టుకొన్న గుర్తులు. ఒకే రోగి చిత్రములను రెండు వేరువేరు కంప్యూటరు పద్ధతులకు ఇచ్చినచో, రెండు కొంచెము భిన్నమైన పటములు రావచ్చును. రోగి తల కదలినచో మొదటి చిత్రపు ఎముక రెండవదానిపై సరిగా కూర్చుండక, లేని గీతలు పుట్టును. నెత్తురు లేనిచోట ఉన్నట్లును, ఉన్నచోట లేనట్లును లెక్క తప్పును. "కదలకండి" అని విసుగులేక చెప్పు టెక్నీషియనుపై మనము విసుగుకొనరాదు.

కిరణముల మోతాదు మరియొక విషయము. ఒకే భాగమును పలుమార్లు తీయుటచే పారుదల స్కానులో మోతాదు సహజముగనే ఎక్కువ. 2009లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున ఒక ఆసుపత్రిలో, యంత్రపు అమరిక తప్పుటచే 200 మందికి పైగా రోగులకు ఉండవలసినదానికి సుమారు ఎనిమిది రెట్ల కిరణములు తగిలినట్లు బయటపడినది. కొందరికి తలవెండ్రుకలు ఊడిన తరువాతగాని ఆ సంగతి తెలియలేదు. అవసరము ఉన్నపుడు ఈ పరీక్షకు వెనుదీయరాదు. తలనొప్పికెల్ల స్కాను కావలెనని పట్టుపట్టుటయు కూడదు.

మందు సంగతి కూడ చెప్పవలెను. అయొడిన్ మందును బయటికి పంపవలసినది మూత్రపిండములే. వాని పనితనము బాగుగా తగ్గినవారికి ఈ మందుచే మరింత హాని కలుగవచ్చును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున మూత్రపిండవ్యాధి, దాని మూలకారణము పూర్తిగా తేలకయే, అనేక కుటుంబములను కుంగదీసినది. అచ్చటివారికి క్రియాటినిన్ పరీక్ష యన్న ఏమో చెప్పనక్కరలేదు. ఆ కాగితమును స్కానునకు పోవునపుడు వెంట తీసికొనిపోవలెను. చక్కెరవ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్రలు మ్రింగువారు, పూర్వము ఇట్టి సూదిమందుతో దద్దుర్లు, ఆయాసము వచ్చినవారు, గర్భవతులు ఆ మాటను ముందుగనే చెప్పవలెను. అడుగలేదు గదా యని ఊరకుండరాదు. అత్యవసరములో అడుగువారికి తీరిక ఉండకపోవచ్చును.

మందే లేకుండ పనితనమును చూపు మార్గమును జపానులో కొందరు చూపిరి. కనజావా విశ్వవిద్యాలయమున షిగేరు సనద, రియే తనకా మొదలైనవారు సాధారణ ఎక్స్‌రే ఫలకము ఎదుటనే రోగిని నిలిపి, సెకండునకు 15 చిత్రముల వంతున కొద్ది సెకండ్లపాటు తీయు విధానమును అభివృద్ధిపరచిరి. గాలి నిండిన కొలదియు ఊపిరితిత్తి నీడ పలుచబడును. గుండె కొట్టుకొనిన ప్రతిసారియు నెత్తురు చేరి రవ్వంత చిక్కబడును. కంటికి తెలియని ఆ రవ్వంత మార్పును కంప్యూటరు చుక్కచుక్కకు కొలిచి, గాలి ఆడనిచోటును, నెత్తురు చేరనిచోటును, కదలిక చచ్చిన ఉదరవితానమును చూపును. ఒక్కొక్క చిత్రమునకు కిరణములు స్వల్పముగనే వాడుదురు. ఆ గదిలో టెక్నీషియను ఊపిరి బిగబట్టుమని మొదటనే చెప్పడు. "నెమ్మదిగా పీల్చండి, నెమ్మదిగా వదలండి" అనును.